పదిహేను వేల రూపాయల పాత ల్యాప్‌టాప్ పోటీ పరీక్షల ప్రిపరేషన్‌కి పనికొస్తుందా?

నోటిఫికేషన్ పడిన వారానికల్లా ప్రతి స్టడీ హాల్లోనూ ఇదే చర్చ. పదిహేను, ఇరవై వేలు చేతిలో ఉన్నాయి, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తీసుకోవాలా, అదే డబ్బుకి కొత్తది చిన్నది తీసుకోవాలా? జవాబు ముందే చెప్పేస్తున్నాం. ఆఫీసుల్లో వాడి వదిలేసిన బిజినెస్ మోడల్, అందులోనూ ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ గానీ ఆ తర్వాతిది గానీ అయితే నిక్షేపంగా కొనొచ్చు. అంతకంటే పాతదైతే ఎంత చవగ్గా ఇస్తానన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నాలుగు జీబీ ర్యామ్‌తో వచ్చే కొత్త సెలెరాన్ (ఇంటెల్ వాళ్ల చవక ప్రాసెసర్) ల్యాప్‌టాప్ మాత్రం వద్దే వద్దు.

అయితే అంతకన్నా ముందు, మీకు ల్యాప్‌టాప్ అవసరమో కాదో తేల్చుకోండి. గ్రూప్-2 రాసేది ఓఎంఆర్ షీటు మీద. గ్రూప్-1 మెయిన్స్ పేజీలకి పేజీలు చేత్తో రాయాలి. ఆ దారిలో ఉన్నవాళ్లకి ల్యాప్‌టాప్ ఒక సౌకర్యం, అంతే. డబ్బు చాలకపోతే టెస్ట్ సిరీస్‌కీ స్టడీ హాల్ ఫీజుకీ పెట్టుకోండి, నష్టమేమీ లేదు. కంప్యూటర్ మీద పరీక్ష రాసేవాళ్ల సంగతి వేరు. రైల్వే ఉద్యోగాల ఆర్‌ఆర్‌బీ, కేంద్ర ఉద్యోగాల ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ ఎలాగూ అంతే. 2024లో తెలంగాణ డీఎస్సీ, 2025లో ఏపీ మెగా డీఎస్సీ కూడా కంప్యూటర్ మీదే జరిగాయి.

ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకి 100 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 36 సెకన్లు. ఫోన్‌లో మాక్ టెస్ట్ రాసేటప్పుడు డేటా ఇంటర్‌ప్రెటేషన్ పట్టికని వేళ్లతో పెద్దది చేసి చూస్తాం, పక్కకి జరుపుతాం, మళ్లీ ప్రశ్నకి వస్తాం. సెంటర్లో అలా ఉండదు. ఎదురుగా నిలబెట్టిన స్క్రీన్, చేతిలో మౌస్, కుడివైపు ప్రశ్నల నంబర్ల గళ్లు, కింద రఫ్ పేపరు. చూపు స్క్రీన్ నుంచి కాగితానికీ, కాగితం నుంచి స్క్రీన్‌కీ తిరుగుతూనే ఉండాలి. ఈ అలవాటు ఫోన్‌తో రాదు. టైపింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-2లో 15 నిమిషాలకి 2000 కీ డిప్రెషన్లు (మీట నొక్కడాలు), రైల్వే ఎన్‌టీపీసీ టైపిస్ట్ పోస్టులకి ఇంగ్లీషులో నిమిషానికి 30 పదాలు. వాటికి కీబోర్డు కావాల్సిందే.

ఇక జనరేషన్ గొడవ. దుకాణంలో "ఐ7 అండీ, టాప్ మోడల్" అంటారు. ఐ5, ఐ7 అన్న మాటలు వదిలేసి వాటి వెనకున్న అంకెలు చూడండి. ఐ5-8250యూ అంటే ఎనిమిదో జనరేషన్. ఐ7-4600యూ అంటే నాలుగోది. ఐ5-10210యూలో మొదటి రెండంకెలు, అంటే పదోది. పేరుకి ఐ7 అయినా ఆ 4600యూలో ఉన్నవి రెండే కోర్లు (ఒకేసారి పని పంచుకునే భాగాలు). 8250యూలో నాలుగున్నాయి. ఏడో జనరేషన్ ఐ5-7200యూలో కూడా రెండే. ఏడుకీ ఎనిమిదికీ మధ్య అంకె ఒకటే మారింది గానీ పనిలో తేడా చాలా పెద్దది.

రెండో కారణం విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం ఇచ్చిన అదనపు గడువు కూడా 2026 అక్టోబరు 13 వరకే. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్‌కి ముందువాటిని, ఏవో కొన్ని మినహా, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. కానీ రూఫస్ అనే చిన్న టూల్‌తో ఆ తనిఖీని దాటించి ఆరో జనరేషన్ మెషీన్లో కూడా విండోస్ 11 ఎక్కించేయొచ్చు. అమ్మేవాళ్లు చేసేది అదే. స్క్రీన్ మీద విండోస్ 11 కనిపిస్తుంది, ప్రాణం కుదుటపడుతుంది. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ మాత్రం దానంతటది రాదు. కాబట్టి కొనేముందు మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ అక్కడికక్కడే నడిపించి చూడండి.

మూడోది వీడియో. రికార్డెడ్ క్లాసుల్ని ఒకటిన్నర, రెండు రెట్ల వేగంతో చూడటమే మనందరి పని. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9 అనే పద్ధతిలో వీడియో పంపుతుంది. ఏడో జనరేషన్ నుంచి చిప్‌లోనే దాన్ని విప్పే ఏర్పాటు పూర్తిగా ఉంది. నాలుగు, ఐదు జనరేషన్లలో ఆ భారం ప్రధానంగా ప్రాసెసర్ మీద పడుతుంది. అందుకే పాత మెషీన్లో పాలిటీ క్లాసు రెండు రెట్ల వేగంతో పెట్టగానే ఫ్యాన్ హోరు మొదలవుతుంది, చెయ్యి కాలుతుంది, బ్యాటరీ గంటన్నరకే పడిపోతుంది. ఇప్పటికే అలాంటిది మీ దగ్గరుంటే పారేయకండి. బ్రౌజర్‌లో హెచ్264ఫై లాంటి ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే యూట్యూబ్ పాత పద్ధతిలోనే వీడియో పంపుతుంది, దాన్ని ఆ చిప్‌లు కూడా తేలిగ్గా విప్పుతాయి. రిజల్యూషన్ 1080 దాటదు. క్లాసు చూడ్డానికి అంతకన్నా అక్కర్లేదు.

కొత్త సెలెరాన్ ఎందుకు వద్దంటున్నామంటే, అలాంటివాటిలో చాలావరకు నాలుగు జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ బోర్డు మీదే అతికించి ఉంటాయి. పెంచుకునే దారి ఉండదు. విండోస్, దాని అప్‌డేట్లు కలిసి స్టోరేజీలో సగం దాకా తినేస్తాయి. క్రోమ్‌లో మాక్ టెస్ట్, పక్కన పీడీఎఫ్, ఇంకో ట్యాబ్‌లో వీడియో తెరిస్తే ర్యామ్ నిండిపోయి, అసలే నెమ్మదైన ఈఎంఎంసీ మీద పడుతుంది. మాక్ మధ్యలో "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కి మూడు సెకన్లు ఆగాల్సి వస్తే ఆ స్కోరుకి అర్థం ఉండదు. కొత్త వాసన, ఏడాది వారంటీ, అంతే దాని గొప్ప.

మరి పాతవాటిలో ఏవి? 2018 ప్రాంతంలో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480, డెల్ ల్యాటిట్యూడ్ 5490, 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5. అన్నీ ఎనిమిదో జనరేషన్‌తో దొరుకుతాయి. వీటన్నిటిలో ర్యామ్ స్లాట్లు రెండేసి ఉంటాయి, ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ) మార్చుకోవచ్చు. టీ480కి లోపలొకటి, వెనకొకటి, రెండు బ్యాటరీలు. వెనకది లివర్లు జరిపితే ఊడొస్తుంది. స్టడీ హాల్లో ప్లగ్ పాయింట్ దగ్గర సీటు దొరకనివాళ్లకి ఇది వరం. టీ480ఎస్ అని ఎస్ తగిలించినది వేరే మెషీన్, అందులో కొంత ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, ఊడే బ్యాటరీ ఉండదు. పేర్లు కలిసిపోతాయి, చూసుకోండి.

టీ480లో ఒక తెలిసిన జబ్బుంది. థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్టుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) పాతదైతే టైప్-సీ పోర్టు పనిచేయడం మానేయొచ్చు. ఎడమవైపు ఉన్న రెండు టైప్-సీ పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి, రెండింటిలోనూ ఛార్జ్ ఎక్కుతోందో లేదో చూడండి. కొన్నాక మొదటి పని లెనోవో వాళ్ల వ్యాంటేజ్ యాప్‌లో ఆ అప్‌డేట్ వేయడం.

ర్యామ్ ఎనిమిది జీబీ తప్పనిసరి. పదహారుంటే ఇంకేం కావాలి. "నాలుగుతో తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు" అన్న సలహా ఒకప్పుడు సరైనదే. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి ముందే వేసి ఉన్నది చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ 256 జీబీ చాలు. స్క్రీన్ మాత్రం 1366 బై 768 ఇస్తే తీసుకోకండి, 1920 బై 1080 అడగండి. ఈ బిజినెస్ మోడళ్లలో చాలావాటికి రెండు రకాలూ ఉంటాయి, బయటికి ఒకేలా కనిపిస్తాయి. తక్కువ రిజల్యూషన్ మీద ఒకపక్క పీడీఎఫ్, ఇంకోపక్క నోట్స్ పెడితే తెలుగు ఒత్తులు అలుక్కుపోతాయి. "క్ష"కీ "క్ష్మ"కీ తేడా పట్టాలంటే జూమ్ చేస్తూ కూర్చోవాలి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, మీ ఊళ్లో తెలిసిన షాపులో కొన్నా అరగంట కూర్చుని చూడాల్సినవి ఉన్నాయి. తొందరపెడితే లేచి వచ్చేయండి.

ముందు బయోస్, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ. మెషీన్ ఆన్ చేస్తూ థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కాలి. పాస్‌వర్డ్ అడిగిందా, అక్కడే వదిలేయండి. "అది అవసరం లేదండీ" అంటారు, రేపు విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది అవసరం. బయోస్‌లో కనిపించే సీరియల్ నంబరు, అడుగున స్టిక్కర్ మీది నంబరు ఒకటేనా చూసి, అదే నంబరు బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత విండోస్ యాక్టివేషన్ పేజీ. అక్కడ డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉండాలి. మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా అయిందని ఉంటే అది దాదాపుగా క్రాక్. ఈ మోడళ్లలో చాలావాటికి అసలు లైసెన్స్ బోర్డులోనే ఉంటుంది. విండోస్ శుభ్రంగా మళ్లీ ఎక్కిస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. వీలైతే ఆ పని షాపులోనే, వైఫై కలిపి చేయించండి. సెటప్ మధ్యలో ఏదో కంపెనీ పేరు వచ్చి ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవమంటే, ఆ మెషీన్‌ని పాత కంపెనీ తన జాబితాలోంచి ఇంకా తీసేయలేదన్న మాట. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఆ పేజీ తిరిగొస్తూనే ఉంటుంది.

బ్యాటరీ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, powercfg /batteryreport అని కొట్టండి, స్లాష్‌కి ముందు మాత్రమే స్పేస్ ఉండాలి. ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 50,000, రెండోది 31,000 మిల్లీవాట్ అవర్లు అనుకోండి, బ్యాటరీ 62 శాతానికి వచ్చినట్టు. వీడియో చూస్తే ఇలాంటి మెషీన్ సుమారు 9 వాట్లు తాగుతుంది. 31ని 9తో భాగిస్తే మూడున్నర గంటలకి కాస్త తక్కువ. ఉదయం సెషన్‌కి సరిపోతుంది. అయితే నాసిరకం సెల్స్ వేసిన డూప్లికేట్ బ్యాటరీలు ఈ రిపోర్టులో కూడా వందకి వంద చూపిస్తాయి. అందుకే ఛార్జర్ పీకేసి ఇరవై నిమిషాలు వీడియో నడపండి. పది, పన్నెండు శాతం తగ్గితే మామూలే. ముప్పై తగ్గినా, నలభై దగ్గర ఉన్నట్టుండి ఆరిపోయినా ఆ రిపోర్టు నమ్మక్కర్లేదు. టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా తగులుతున్నా, పైకి ఉబ్బినట్టున్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలాంటిదాన్ని బేరం తగ్గిస్తానన్నా ముట్టుకోవద్దు.

డెల్ అయితే ఛార్జర్ కూడా చూడాలి. అసలు ఛార్జర్ కాకపోయినా, పిన్ మధ్యలో ఉండే సన్నటి సూది విరిగినా, ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదని మెసేజ్ వస్తుంది. చాలామంది ఎంటర్ కొట్టి ముందుకెళ్లిపోతారు. అప్పుడు బ్యాటరీ ఛార్జ్ అవదు, ప్రాసెసర్ వేగం కూడా బాగా పడిపోతుంది. "ల్యాప్‌టాప్ స్లో" అని మొత్తుకునేవాళ్లలో కొందరి జబ్బు నిజానికి ఈ ఛార్జరే.

ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ నడిపి హెల్త్ శాతం చూడండి. తొంభై దాటి ఉంటే సంతోషం, డెబ్బై అన్నా భయం లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ ఒకసారి కొట్టండి. స్పేస్ బార్‌ని రెండు చివర్లా కొట్టి చూడాలి, టైపింగ్ టెస్టులో ప్రాణం తీసేది అదే. తెల్లటి పేజీ పెట్టి స్క్రీన్ మీద మచ్చలు వెతకండి. మూత తెరిచి మూసి హింజ్ చూడండి.

డబ్బు మరీ తక్కువుంటే? ఏడెనిమిది వేలకి ఆరో జనరేషన్ మెషీన్ ఏదైనా దొరికితే, అందులో ఎస్‌ఎస్‌డీ, ఎనిమిది జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి వాడుకోవచ్చు. క్రోమ్, యూట్యూబ్, బ్రౌజర్‌లో నడిచే మాక్ టెస్టులు, పీడీఎఫ్‌లు, అన్నీ నడుస్తాయి. మీ కోచింగ్ వాళ్ల క్లాసులు ఎలా ఇస్తారో మాత్రం ముందే కనుక్కోండి. పెన్‌డ్రైవ్ కోర్సుల ప్లేయర్లు చాలావరకు విండోస్ మీదే నడుస్తాయి. కొన్నిచోట్ల క్లాసులు ఫోన్ యాప్‌లో తప్ప ఎక్కడా రావు. అలాంటప్పుడు ఫోన్ యాప్‌ని కంప్యూటర్లో నడిపే ఎమ్యులేటర్ వేసుకుందాం అనుకోకండి, ఆ పాత మెషీన్ మోయలేదు, యాప్ కూడా తరచూ ఒప్పుకోదు.

కొన్నాక చేయాల్సినవి కొన్నే. మామూలు యూఎస్‌బీ మౌస్ ఒకటి కొనండి, మాక్ టెస్టులన్నీ దానితోనే, ఎఫ్11 నొక్కి ఫుల్ స్క్రీన్‌లో రాయండి. టైపింగ్ టెస్టు ఉన్న పోస్టులకైతే మామూలు పెద్ద కీబోర్డు కూడా. ల్యాప్‌టాప్ మీటలు లోతు తక్కువ, సెంటర్లో ఉండేవి అలా ఉండకపోవచ్చు, ఆ తేడా వేళ్లకి ముందే తెలియాలి. స్కాన్ చేసిన పెద్ద పీడీఎఫ్‌లకి క్రోమ్ బదులు సుమత్రా పీడీఎఫ్ వాడండి, పేజీలు చకచకా తిరుగుతాయి. పాత తెలుగు మెటీరియల్ పీడీఎఫ్‌లలో పదం వెతికితే దొరకడం లేదంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. అవి అను ఫాంట్లలాంటి యూనికోడ్ కాని అక్షరాలతో చేసినవి, కాపీ చేసి చూడండి, పిచ్చి గీతలొస్తాయి. గూగుల్ డ్రైవ్‌లో వేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే చాలావరకు చదవగలిగే తెలుగు వస్తుంది. పెద్ద ఫైల్‌కి పనిచేయదు, పది పేజీల చొప్పున విడగొట్టి వేసుకోవాలి.