సీసం, జింకు గుట్టమీద పచ్చని తివాచీ

దక్షిణ ఫ్రాన్సులో గాంజ్ పట్నం దాటి విస్ నది వెంట కొద్ది దూరం పోతే సాన్-లోరాన్-ల్-మినియే వస్తుంది. గనుల వాసన ఊరి పేరులోని ‘మినియే’లోనే ఉంది. మేం మే నెలలో వెళ్లాం, పూలు చూడాలంటే అదే అదను. ఊళ్లో జలపాతం దగ్గర జనం ఆగుతారు. మాకు పని పైనున్న అవినియేర్ గని గుట్టతో. లోహాల నేలలో ఏ మొక్క పక్క మొక్కకు సాయపడుతుందో చూడాలి.

అక్కడి నేలలో జింకుతో పాటు సీసం, కాడ్మియం అనే విషలోహం ఉన్నాయి. చాలాచోట్ల కంకరే. మొక్క మొలిచిన చోట మాత్రం ఒంటరిగా లేదు, గుంపుగా ఉంది. గుంపు నడుమ పసుపు పూల ఆంథిల్లిస్, దాన్ని ఒరుసుకుని ఫెస్టూకా గడ్డి. ఆంథిల్లిస్ చిక్కుడు జాతిది. ఆకుల్లో జింకు దాచుకుంటూనే వేరుబుడిపెలతో నత్రజని పట్టి గడ్డిని సాకుతుంది. ఆ బుడిపెల్లోని బాక్టీరియాకు 2009లో మెసోరైజోబియం మెటాలిడ్యూరాన్స్ అని పేరు పెట్టారు. లోహాన్ని తట్టుకోని మామూలు రైజోబియం (బుడిపెల బాక్టీరియా)తో విత్తితే బుడిపెలు సరిగా రావు, మొక్క పాలిపోతుంది. విత్తనం కంటే ముందు చూసుకోవాల్సింది ఈ బాక్టీరియానే.

రెండో సాయగత్తె నొక్కియా అనే చిన్న మొక్క. అరచేతిలో పట్టేంత ఆకుల గుత్తి. కిలో ఎండుటాకుల్లో 10 గ్రాముల పైన జింకు చేరగలదు. గాంజ్ ప్రాంతపు రకం కాడ్మియాన్ని కూడా కిలోకు గ్రాము దాటి ఎక్కించుకోగలదు.

దీంతో గుట్ట శుభ్రమవుతుందని ఆశపడే ముందు లెక్క వేయాలి. హెక్టారులో పై 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,600 టన్నులు. అందులో జింకు 1 శాతమైతే 26 టన్నులు. 5 టన్నుల ఎండు పంట కోసినా పోయేది 50 కిలోలు. అంటే 500 పైచిలుకు కోతలు! నొక్కియా పనికొచ్చేది వేళ్ల చుట్టూ ఉన్న కాస్త మట్టిలోనే. కరిగి ఉన్న జింకును అది లాగేస్తుంటే పక్క మొక్క ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే రెండింటి వేళ్లూ కలవాలి: బెత్తెడు దూరంలో నాటాలి, జానెడైతే ఎడం ఎక్కువే. నొక్కియా విత్తనం నలుసంత, పైపైన చల్లి అదిమితే చాలు.

మేలు కాస్తా కీడయ్యేది ఆకు రాలినప్పుడు. లోతునుంచి లాగిన లోహం పైమట్టికి చేరి, పక్క మొక్క మొలకల్నే కాటేస్తుంది. నొక్కియాను కాయ పండకముందే కోసి సంచుల్లో కట్టాలి. ఎరువుగుంటలో వేయకూడదు, మేపకూడదు, ఆరుబయట కాల్చకూడదు, కాడ్మియం పొగలో కలుస్తుంది. అమ్మోనియా ఎరువులూ వద్దు. అవి నేలలో ఆమ్లం పెంచి లోహాన్ని కరిగిస్తాయి, ముందు దెబ్బతినేది సాయం కోరిన మొక్కే. సున్నం వేస్తే పక్క మొక్కకు హాయి, కానీ నొక్కియాకు అందే జింకు తగ్గిపోతుంది. రెండూ ఒకేసారి కుదరవు.

దిగేటప్పుడు బూట్ల మట్టిని గుట్టమీదే దులపాలి. విస్‌లో కడిగితే ఆ సీసం నదిలోకే పోతుంది.