కోడలి పాదం, కాపరి కర్ర

కజకిస్థాన్‌లోని అల్మాటిలో ఎంబీబీఎస్ రెండో ఏడాది. కజఖ్ భాష క్లాసులో ఆడవాళ్ల మీద, మగవాళ్ల మీద ఉన్న సామెతలు 15 సేకరించి, అర్థం రాసి, అందరి ముందూ చెప్పమన్నారు. అనాటమీ కంటే దీనికే నాకు ఎక్కువ టెన్షన్ పట్టుకుంది.

మొదట ఫోన్‌లో నిఘంటువు పెట్టుకుని మాటకు మాట రాశాను. "మొదటి సంపద ఆరోగ్యం, రెండోది తెల్లటి తలగుడ్డ, మూడోది పది గొర్రెలు" అని వచ్చింది. టీచరు గారు కొట్టేశారు. పెళ్లయిన స్త్రీ తలకు కట్టుకునేది తెల్లగుడ్డ, కాబట్టి అక్కడ దానర్థం భార్య. కజఖ్‌లో దెన్‌సౌలిక్ (ఆరోగ్యం), జౌలిక్ (తలగుడ్డ), సౌలిక్ (గొర్రె) అని మూడూ ప్రాసలో పడతాయి, వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ సంపద ఎవరిది? సామెత చెబుతున్నది మగవాడికి. ఎవరితో అంటున్నారు అని అడగడం మొదలుపెట్టాక మిగతావి కూడా అర్థమవుతూ వచ్చాయి. "అమ్మాయికి నలభై ఇళ్ల నుంచి కట్టడి", "యువకుడికి డెబ్భై విద్యలైనా తక్కువే". ఒకరికి లెక్కపెట్టింది కట్టడులు, ఇంకొకరికి విద్యలు.

"కిజ్ కొనక్", అంటే ఆడపిల్ల అతిథి. ఇది మాకు గది అద్దెకిచ్చిన ఆపా (పెద్దావిడని అక్కడ అలాగే పిలుస్తాం) చెప్పారు. రేపు వేరే ఇంటికి పోయే పిల్ల కాబట్టి పుట్టింట్లో గుమ్మానికి దూరంగా ఉండే గౌరవ స్థానంలో, తోర్‌లో, కూర్చోబెడతారట. మన "ఆడపిల్ల ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" గుర్తొచ్చింది. అతిథి మర్యాద గొప్పదే, కానీ పుట్టిన ఇంట్లో అతిథి కావడం నాకు మింగుడుపడలేదు.

అన్నింటికన్నా ఎక్కువ రోజులు పట్టింది "కెలిన్నిన్ అయాగినన్, కొయ్షినిన్ తయాగినన్" అనేదానికి. కోడలి పాదం వల్ల, కాపరి కర్ర వల్ల అని. ఇంటి కలిమికైనా లేమికైనా కోడలి పాదమే కారణం, మంద పెరిగినా తరిగినా కాపరి కర్రే కారణం అని అర్థం. అది వినగానే నేను ఎగిరి గంతేశాను. మనదీ అచ్చం అంతే కదా: "కోడలొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ". ఆపాకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ కోడలిగా వచ్చిన చలికాలంలో జుట్ వచ్చిందట. మంచు కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టి, గడ్డి మీద పలకలా పేరుకుపోతుంది. గిట్టలతో తవ్వలేక పశువులు ఆకలికి చనిపోతాయి. వాళ్ల గొర్రెలు సగం పోయాయి. "మా అత్తగారు చాలా ఏళ్లు నా పాదాల వంకే చూసేవారు" అన్నారు, టీ పోస్తూ.

క్లాసులో ఆ సామెత వంతు వచ్చినప్పుడు, రాసుకున్న అర్థం చదివి, తర్వాత జుట్ అంటే ఏమిటో చెప్పాను. కజఖ్ స్నేహితురాళ్లు ఇద్దరు తల దించుకున్నారు. మార్కులు వచ్చాయి. సాయంత్రం ఆపా మన సామెతని తన నోట్‌బుక్కులో, కజఖ్ రాసే సిరిలిక్ అక్షరాల్లో రాయించుకున్నారు. "గొడ్డు" అనే మాట సరిగ్గా పలికే దాకా నన్ను లేవనివ్వలేదు.