అలలు వస్తున్నారు

ఈసారి సెలవుల్లో ఒక రోజంతా ఏ ప్లానూ పెట్టుకోలేదు. చూడాల్సినవి, ఎక్కాల్సిన పడవలు అన్నీ పక్కన పెట్టి పొద్దున్న తొమ్మిదికల్లా బీచ్‌కి వెళ్ళి, కొబ్బరిచెట్ల నీడలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం, అంతే. ఉష్ణమండలం ఎండ కదా, మధ్యాహ్నానికి సూర్యుడు దాదాపు నడినెత్తి మీదికి వచ్చేస్తాడు, మబ్బు పట్టినా చర్మం కమిలిపోతుంది. అందుకని రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ పిల్లలకి సన్‌స్క్రీన్ రాయడం ఒక్కటే ఆ రోజు మాకున్న పని.

మా అమ్మాయికి 12 ఏళ్ళు, అబ్బాయికి 6. ఇద్దరూ విదేశంలోనే పుట్టారు. చిన్నోడు వచ్చినంత తెలుగు మాట్లాడేస్తాడు. పెద్దదానికి అంతా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే వస్తుంది.

నీళ్ళలోకి దిగేముందు ఇద్దరినీ నిలబెట్టి, ఒకవేళ ప్రవాహం లోపలికి లాగితే దానికి ఎదురీదొద్దు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది దాని నుంచి బయటపడాలి, చెయ్యెత్తి కేకెయ్యాలి అని చెప్పాను. అది మాత్రం ఇంగ్లిష్‌లోనే చెప్పాను. ప్రాణం మీదికి వచ్చే విషయం పిల్లలకి ఆలోచించకుండా అర్థమయ్యే భాషలోనే చెప్పాలి, అందులో నాకు పంతం లేదు.

మోకాళ్ళ లోతులో నిలబడి చిన్నోడు ఒక్కసారిగా అరిచాడు, "అమ్మా, అలలు వస్తున్నారు!"

పెద్దవాళ్ళని "వస్తున్నారు" అనాలని నేర్పింది నేనే. అమ్మమ్మ వస్తున్నారు, తాతయ్య వస్తున్నారు. వాడు ఆ మర్యాద సముద్రానికి కూడా ఇచ్చాడు. సరిదిద్దబోయి ఆగిపోయాను. "అవును నాన్నా, వస్తున్నాయి, చూడు ఎంత పెద్దవి వస్తున్నాయో" అని మాత్రం అన్నాను. పెద్దదాని విషయంలో ఇలా ఆగలేదు. అది నాలుగేళ్ళప్పుడు గలగలా మాట్లాడేది, నేను ప్రతి వాక్యానికీ "అలా కాదు, ఇలా అనాలి" అంటూ వెంటపడ్డాను, కొన్నాళ్ళకి అది తెలుగులో మాట్లాడటమే మానేసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి కూడా ఆ ఇసుకలో కూర్చున్నప్పుడే తట్టింది. ఇంట్లో మేం మాట్లాడే తెలుగులో ముప్పాతిక వంతు ఆర్డర్లే. లే, పళ్ళు తోముకో, బూట్లేసుకో, తొందరగా, బస్సు వచ్చేస్తుంది, హోంవర్క్ అయిందా, ఇంక పడుకో. తీరిగ్గా చెప్పుకునే కబుర్లు, ఆశ్చర్యపోవడం, ఒకదాన్ని చూసి ఇది ఎలా ఉంది అని వర్ణించుకోవడం, ఇవన్నీ ఇంగ్లిష్‌లో జరిగిపోతున్నాయి. మరి పిల్లలకి తెలుగు అంటే అమ్మ తొందరపెట్టే గొంతులా కాక ఇంకెలా వినిపిస్తుంది?

పదిన్నర ప్రాంతంలో నీళ్ళు చాలా వెనక్కి పోయాయి. ఎక్కడికి పోయాయని పెద్దది అడిగింది. "దీన్ని ఆటు అంటారు, మళ్ళీ ముందుకి వస్తే పోటు" అన్నాను. అది వెంటనే లేచి కూర్చుని, "నాన్న మార్కెట్ గురించి ఫోన్‌లో అనే ఆటుపోట్లు ఇదేనా?" అంది. ఎన్నేళ్ళుగానో ఆ మాట చెవిన పడుతూనే ఉంది, దానికి ఉప్పునీళ్ళు తగిలింది మాత్రం ఆ రోజే.

నేను చదువుకున్న ఫిజిక్స్ అంతా ఇంగ్లిష్‌లోనే, తెలుగులో చెప్పడం నాకూ కొత్త. పుల్ల తీసుకుని ఇసుక మీద భూమిని, చంద్రుణ్ణి గీశాను. చంద్రుడి వైపు నీళ్ళు ఒక ఉబ్బు, అవతలి వైపు ఇంకో ఉబ్బు, అందుకే చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. "చంద్రుడు లాగుతున్నాడా? చేత్తోనా?" అన్నాడు చిన్నోడు. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు కాస్త ముందుకి జరిగిపోతాడు, మళ్ళీ అతనికి ఎదురుగా రావడానికి భూమికి ఇంకో 50 నిమిషాలు పడుతుంది, కాబట్టి రేపు పోటు కూడా సుమారు అంత ఆలస్యంగా వస్తుందని చెప్పాను. పెద్దది నమ్మలేదు. రేపు చూద్దాం అంది.

ఈలోగా చిన్నోడి బకెట్‌లో ఏరుకున్న గుల్లల్లో ఒకటి నడవడం మొదలుపెట్టింది. నత్తగుల్ల, బొటనవేలంత ఉంటుంది. అరచేతిలో పెట్టుకుని ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. మొదట రెండు మీసాలు వణుకుతూ బయటికి వచ్చాయి, తర్వాత కాడల చివర నల్లటి కళ్ళు, ఆ తర్వాత పటకారులాంటి ఎడమ కాలు, అది లోపలికి ముడుచుకుంటే గుల్లకి తలుపులా సరిపోతుంది. లోపల ఉన్నది నత్త కాదు, పీత, దీనికి సొంత గుల్ల ఉండదు, చచ్చిపోయిన నత్తల గుల్లల్లో దూరి బతుకుతుంది, పెరిగినకొద్దీ ఇంకో పెద్ద గుల్ల వెతుక్కుంటుంది అని చెప్పాను. చిన్నోడు బకెట్‌లోకి చూసి, "మరి ఇవన్నీ మనం తీసుకుపోతే?" అన్నాడు. నేనేమీ అనలేదు. వాడే వెళ్ళి బకెట్ బోర్లించి వచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి వాడు తవ్విన గోతిలోకి నీళ్ళు వచ్చాయి. పడిపోయి ఉన్న కొబ్బరిమొద్దు పక్కనే తవ్వాడు, అదే గుర్తు. వాచీ చూసి పెద్దది టైము ఫోన్‌లో రాసుకుంది. ఆ తర్వాత నేను నిద్రపోయాను, పగలు అలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు ఊరు చూడటానికి వెళ్దామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. అదే మొద్దు పక్కన మళ్ళీ గొయ్యి తవ్వి కాపలా కూర్చున్నారు. రెండయింది, రాలేదు. రెండున్నర, ఇంకా నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. మూడు కావస్తుండగా ఒక పల్చటి నురగ జారుకుంటూ వచ్చి గోతి అంచు దాటింది.

"అక్కా, వచ్చేశారు! వచ్చేశారు!" అని గంతులేశాడు చిన్నోడు.

పెద్దది వాచీ వైపు చూస్తూనే, చాలా మామూలుగా, "అవునురా, వచ్చేశాయి" అంది.