చేతులు జోడించిన చక్రవర్తి

నిన్న తిరుమలలో మహాద్వారం దాటగానే, వెనుక నుంచి తోపులాట సాగుతున్నా, తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహం దగ్గర నా చూపు ఆగిపోయింది. రాజుగారి చిత్రమనగానే నాకు 1701లో రిగో గీసిన ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ గుర్తుకొస్తాడు: చేతిలో రాజదండం, నడుమున ఖడ్గం, పక్కనే కిరీటం, నేలమీదికి జారిన లిల్లీ పూల గుర్తుల నీలి వస్త్రం (ఆ ఎత్తు మడమల జోళ్లు చూస్తే మాత్రం నవ్వొస్తుంది). 1513లో స్వామికి నవరత్న కిరీటం సమర్పించిన రాయలు ఇక్కడ పొడవాటి కుళ్లాయితో, ఆభరణాలతో, చేతులు జోడించి నిలబడ్డారు. అయితే ఇది ఒట్టి వినయమేనని నేననుకోను. భుజంమీద పేరు చెక్కి ఉన్న ప్రతిమగా స్వామి ముంగిట శతాబ్దాలపాటు నిలిచిపోవడం ఏ సామాన్య భక్తుడికి సాధ్యం? ఇంతలో వెనుకనుంచి ‘జరగండి’ అన్నారు, జరిగాను.