సాగరం పర్వణి స్పృశేత్

అశ్వత్థసాగరౌ సేవ్యౌ న స్ప్రష్టవ్యౌ కదాచన |
అశ్వత్థం మందవారే చ సాగరం పర్వణి స్పృశేత్ ||

రావిచెట్టునీ సముద్రాన్నీ సేవించాలి, ఊరికే తాకకూడదు. రావిని శనివారం, సాగరాన్ని పర్వదినాన తాకాలి. చొల్లంగి అమావాస్యకు బస్సులు కట్టించుకుని వెళ్ళేవాళ్ళలో ఎందరికి ఈ శ్లోకంలోని 'పర్వణి' గుర్తుంటుంది? పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ దగ్గరి చొల్లంగిలో గోదావరి పాయ తుల్యభాగతో మొదలై, కోరంగిలో ఆత్రేయ, ఆపైన మిగిలిన పాయలు సముద్రంలో కలిసేచోట్లు తిరిగి, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో వశిష్ఠ దగ్గర ముగిసే సప్తసాగర యాత్ర ఆ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

ఇక్కడ పర్వమంటే అమావాస్య, పౌర్ణమి. సూర్యచంద్రులు ఒకే వరుసకు వచ్చి సముద్రాన్ని లాగే రోజులు. పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమికి ఆ ఊపు ఉండదు. సాగరుడు నిండుగా ఎదురొచ్చే రోజునే తాకమన్నారు పెద్దలు. ఎదురొచ్చే వేళ ఏదో తెలుసుకోవడం మాత్రం మన బాధ్యత.

కాకినాడ తీరాన అమావాస్యనాడు ఇంచుమించు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదికి పోటు నిండుతుంది. అంటే తెల్లవారుజామున రెండున్నర ప్రాంతాన నీరు ఎక్కడం మొదలవుతుంది. అరుణోదయ స్నానం పోటు మీద పడుతుందన్నమాట! నీరు ఒడ్డువైపు తోస్తుంది, కాలు నిలుస్తుంది. టిఫిను తిని పదకొండింటికి తీరిగ్గా దిగేవాళ్ళకు దొరికేది పాటు. నది విడిచే నీరూ సముద్రం లాక్కునే నీరూ ఒకే దిక్కుకు, లోపలికి పరుగెడతాయి. చొల్లంగి పక్కన కాకినాడ అఖాతం లోతు తక్కువ కనుక అక్కడ పాటు వేళ బురదే మిగులుతుంది. అంతర్వేది మొగ, అంటే నది సముద్రంలో కలిసేచోటు, దగ్గర అయితే ప్రాణానికే ముప్పు.

ఈ లెక్క వేటకు వెళ్ళేవాళ్ళకు నోటిమీద ఉంటుంది. పోటు తిథికి రెండు గడియలు, అంటే 48 నిమిషాలు, ఆలస్యమవుతుంది. అమావాస్య నుంచి ఏకాదశికి పదకొండు తిథులు, ఇరవై రెండు గడియలు, అంటే దాదాపు తొమ్మిది గంటలు. కాబట్టి యాత్ర ముగిసే ఆ భీష్మ ఏకాదశినాడు పోటు సాయంత్రం ఐదున్నర ప్రాంతాన, దానికి ముందుది వేకువన ఐదు దగ్గర నిండుతుంది. చొల్లంగిలో పనికొచ్చిన ఉదయం ఏడు గంటలు అంతర్వేదిలో పాటు! గాలిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. పడవవాళ్ళను "పోటా, పాటా?" అని అడిగి దిగండి. అడగడానికి నామోషీ దేనికి? 1823లో అంతర్వేది నరసింహస్వామి ఆలయం పూర్తి చేయించిన కొపనాతి కృష్ణమ్మ వేటే వృత్తిగా ఉన్న అగ్నికుల క్షత్రియులవాడే.

మొగలోకి దిగవద్దు. పాయ అంచున ఇసుక నిలువుగా కోసుకుపోయి ఉంటుంది, అడుగు వేస్తే జారుతుంది. నదీ సముద్రం కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూడ్డానికి వెళ్ళినా అంచుకు పోకండి. మొగకు దూరంగా, వాలు మెల్లగా ఉన్నచోట మోకాలిలోతులో సంకల్పం చెప్పుకుని, కూర్చుని మూడు మునకలు వేస్తే చాలు. అలకు వీపు పెట్టకూడదు. లాగితే ఒడ్డుకు ఎదురీదక, తీరం వెంబడి పక్కకు జరగాలి.

ఇక సంకల్పంలో తుల్యభాగ అంటాం. ఆ పేరు ఇవాళ డెల్టా చేల మురుగు మోసే డ్రెయిన్‌కు ఉంది. మహర్షి తెచ్చిన పాయ అని దణ్ణం పెట్టి, అందులోనే ప్లాస్టిక్ దొన్నెలో దీపం వదిలితే ఏమి సేవ అది? 'సేవ్యౌ' అన్న మాట ముందుంది, 'స్పృశేత్' తర్వాత వచ్చింది. విడిచిన చీరలు, పంచెలు మడచెట్ల వేళ్ళకూ వేటవాళ్ళ వలలకూ చుట్టుకుంటున్నాయి. దీపానికి అరటి దొప్ప చాలు. తడిబట్ట అక్కడే పిండుకుని, మూటకట్టి ఇంటికి తెచ్చుకోండి.