లెక్కల నోటుబుక్కు: ఈ నెల ఎంతవరకు వచ్చింది

ఈ నెల నుంచి పజిల్ లెక్కలన్నీ ఒకే నోటుబుక్కులో, పెన్నుతోనే. ఎడమ పేజీ ప్రయత్నానికి. కొట్టివేతలతో సహా అన్నీ ఉండాల్సిందే. కుడి పేజీలో మూడు ముక్కలు: ఎక్కడ ఆగిపోయాను, ఏ ఆలోచనతో ముడి వీడింది, అది ఇంకెక్కడ పనికొస్తుంది. అరగంటకీ దారి దొరక్కపోతే జవాబులోని మొదటి వాక్యం మాత్రం చదువుతాను. వారం తర్వాత అదే లెక్క ఖాళీ కాగితం మీద మళ్లీ చేస్తాను. అసలు పరీక్ష అదే.

ఎక్కువ పేజీలు తిన్నది చదరంగం బోర్డు లెక్క. ఎదురెదురు మూలల్లోని రెండు గళ్లు తీసేస్తే 62 మిగులుతాయి. ఒక్కొక్కటి రెండు గళ్లు కప్పే 31 బిళ్లలతో వాటిని పూర్తిగా కప్పగలమా? పెద్ద బోర్డు వదిలి 4×4 గీశాను. ఆరు బిళ్లలు పట్టించిన ప్రతిసారీ ఒకే రంగు గళ్లు రెండు మిగిలాయి. అక్కడే విషయం తేలింది: ఏ బిళ్లయినా ఒక నల్లగడి, ఒక తెల్లగడి కప్పుతుంది, తీసేసిన మూలలు రెండూ ఒకే రంగు. 32, 30 ఎలా జత కుదురుతాయి?

మరో లెక్కలో 1 నుంచి 10 వరకు అంకెలు రాసి, ఏవైనా రెండు చెరిపి వాటి తేడా రాస్తూ పోవాలి. చివరికి సున్నా మిగలగలదా? మొత్తం 55, బేసి. రెండు సంఖ్యల బదులు వాటి తేడా పెట్టినా మొత్తం బేసిగానే ఉంటుంది. కాబట్టి సున్నా రాదు. కుడి పేజీలో రెండింటికీ ఒకే మాట రాశాను: 'ఏది మారడం లేదు?'

జ్యామితి మాత్రం ఇంకా మొండికేస్తోంది. దాని పేజీలు చూడబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది: బోర్డులో ఎక్కడైనా ఒక నల్లగడి, ఒక తెల్లగడి తీస్తే? 8×8లో అన్ని గళ్లనూ ఒక్కోసారి తాకుతూ మొదటికి చేరే దారి గీశాను. తీసేసిన గళ్ల మధ్య ఆ దారిలో మిగిలే ప్రతి ముక్కలోనూ గళ్లు సరిసంఖ్యలోనే ఉంటాయి కనుక బిళ్లలు వరుసగా పరిచేయవచ్చు. 5×5లో ఒక్క గడి తీస్తే ఏమిటన్నది తర్వాతి పని. గళ్లు 25 కాబట్టి అలాంటి దారి అక్కడ కుదరదు. వేరే ఉపాయం వెతకాలి.