బ్యాకప్ సర్వర్ ఇల్లు మారింది

సెంటాస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి 2024 జూన్ 30తోనే నూకలు చెల్లాయి. అయినా బేకులా అనే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే మా ఆఫీసు బ్యాకప్ సర్వర్ మొన్న శనివారం దాకా దాని మీదే నడిచింది. "డెబియన్ 12 లినక్స్‌కి మార్చేద్దాం, ఎంతసేపు!" అన్నది నేనే. నోరు ఊరుకోదు కదా.

ఏ ఫైలు ఎక్కడ దాచిందో బేకులా రాసుకునే కేటలాగ్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంది. ముందు దాని డేటా ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేశా. పాత వెర్షన్ 9.2, కొత్త మెషీన్‌లో ఉన్నది 15; పాతదాని ఫోల్డర్ కొత్తదానికి పనికిరాదు. డేటాబేస్ సర్వర్ లేవనంది. సరే, బుద్ధిగా పీజీ డంప్‌తో డేటాని ఫైలుగా బయటికి తీసి ఎక్కించా. సగం దాకా వెళ్లి, ఈ బైట్లు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) చెల్లవంటూ ఆగిపోయింది. చూస్తే ఏ కాలంలోనో, ఎవరో పెట్టిన ఫైలు పేర్లు. లినక్స్‌కి ఫైలు పేరంటే వట్టి బైట్లే, ఏ ఎన్‌కోడింగో దానికి పట్టదు. అందుకే బేకులా కేటలాగ్‌ని, ఏ బైట్లొచ్చినా అడ్డు చెప్పని ఎస్‌క్యూఎల్ ఆస్కీలో పెట్టమంటారు. మాన్యువల్‌లో ఉంది, చదివిందెవరు?

పోస్ట్‌గ్రెస్‌లోని ఖాళీ మూస టెంప్లేట్0 నుంచి డేటాబేస్‌ని ఎస్‌క్యూఎల్ ఆస్కీలో మళ్లీ కట్టి ఎక్కిస్తే కిక్కురుమనకుండా ఎక్కింది. బేకులా కొత్త వెర్షన్‌కి తగ్గట్టు టేబుళ్లు మార్చే స్క్రిప్టు కూడా నడిపా.

రాత్రి రెండున్నరకి టేపులోంచి ఒక పాత స్టాక్ షీటు రీస్టోర్ చేసి చూశా. తెరుచుకుంది. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత మాత్రం అప్పటికీ తెరవలేదు.